ఫిల్లర్ ఇంజెక్షన్లు: సిరంజీ విప్పకముందే అడగాల్సినవి

హైదరాబాద్‌లో ఒక స్కిన్ క్లినిక్‌లో ఆరేళ్లు కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర పనిచేశాను. నేను డాక్టర్ని కాను. కానీ డాక్టరు గారి గదిలోకి వెళ్లేముందు ఒకసారి, బయటికొచ్చాక ఒకసారి అందరూ నా ఎదుటే కూర్చునేవాళ్లు. లోపల అడగడానికి మొహమాటపడినవన్నీ నన్ను అడిగేవాళ్లు. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. మా టేబుల్‌కి నెలనెలా టార్గెట్ ఉండేది. "మీకు రెండు సిరంజీలు పడతాయి మేడమ్" అని నవ్వుతూ చెప్పే అమ్మాయికి ఆ రెండో సిరంజీ మీద ఇన్సెంటివ్ వస్తుంది. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు కాబట్టి ఆ లెక్కల గొడవ లేకుండా రాస్తున్నాను.

ఫిల్లర్, బొటాక్స్ ఒకటేనా?

కాదు. రెండూ సూదితో ఎక్కించేవే కాబట్టి కలిపేస్తుంటారు. బొటాక్స్ కండరాన్ని మూడు నాలుగు నెలలపాటు సడలించి ఉంచే మందు. కనుబొమలు ముడివేసినప్పుడు, కళ్లు చిట్లించినప్పుడు పడే గీతలకి వాడతారు. ఫిల్లర్ జెల్. పాత పరుపులో కుంగిన చోట మళ్లీ దూది కూరినట్టు ముఖంలో పల్లమైన చోట నింపుతారు. బుగ్గలు, పెదవులు, గడ్డం, ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే గీతలు, కంటి కింది గుంట, వీటికే ఎక్కువగా వస్తారు.

ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్నది హైలురోనిక్ యాసిడ్ జెల్. పేరులో యాసిడ్ చూసి ఒకావిడ "ముఖం కాలదా అమ్మా?" అని అడిగింది. కాలదు. మన చర్మంలో, కీళ్ల మధ్య జిగురులో, కంటి లోపలి గుజ్జులో పుట్టుకతోనే ఉండే చక్కెర జాతి పదార్థం అది. నీటిని పట్టి ఉంచుతుంది, అందుకే ఆ చోటు నిండుగా కనిపిస్తుంది. చర్మంలో ఉన్నది ఒకటి రెండు రోజుల్లో సగం కరిగిపోయి కొత్తది తయారవుతూ ఉంటుంది. సిరంజీలోది నెలల తరబడి నిలవాలి కాబట్టి దాని పోగుల్ని రసాయనంతో ఒకదానికొకటి ముడివేస్తారు. "ఒంట్లో ఉండేదే కదా, ఏం కాదు" అని ఎవరైనా అంటే ఆ మాట సగమే నిజం. రక్తం కూడా ఒంట్లో ఉండేదే, గడ్డకట్టి రక్తనాళంలో అడ్డం పడితే ఊరుకుంటుందా?

మేం శాకాహారులం. ఇందులో జంతువులది ఏమైనా ఉంటుందా?

ఈ ప్రశ్న మా దగ్గర వారానికొకరు అడిగేవాళ్లు. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ హైలురోనిక్ యాసిడ్‌ని మొదట వేరుచేసింది పశువుల కంటి గుజ్జు నుంచి. అమెరికాలో 1981లో అనుమతి వచ్చిన మొదటి ఫిల్లర్ పశువుల చర్మం నుంచి తీసిన కొల్లాజెన్, అంటే చర్మానికి బిగువునిచ్చే ప్రోటీన్. ఎలర్జీ భయంతో ముందు చేతి మీద టెస్ట్ డోసు వేసి, వారాలు ఆగి చూసేవాళ్లు. తర్వాత కోడిపుంజు నెత్తి మీది ఎర్రటి జుట్టు నుంచి తీసిన జెల్ కూడా వచ్చింది. ఇప్పటి హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్లు మాత్రం దాదాపు అన్నీ బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారుచేసినవే. ఇడ్లీ పిండి పులిసినట్టే అనుకోండి, కాకపోతే స్టీలు ట్యాంకుల్లో.

ఇంకా ఏ రకాలున్నాయి?

కాల్షియం హైడ్రాక్సిలపటైట్, పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్ అనేవి ఉన్నాయి. ఇవి అక్కడి చర్మం సొంతంగా కొల్లాజెన్ తయారుచేసుకునేలా పురికొల్పుతాయి. వీటిని కరిగించే మందు లేదు. పీఎంఎంఏ అనే సన్నటి ప్లాస్టిక్ పూసలుండే రకం జన్మంతా ఉంటుంది. మొదటిసారి చేయించుకునేవాళ్లకి హైలురోనిక్ యాసిడ్ తప్ప వేరేది వద్దనే నా అభిప్రాయం. తప్పు రాస్తే చెరపడానికి రబ్బరు ఉన్నది దానికొక్కదానికే. ఆ రబ్బరు సంగతి కింద వివరంగా చెప్తాను.

ద్రవరూపంలో సిలికాన్ ఎక్కిస్తామని, 'పర్మనెంట్' అని, ధర తక్కువని ఎవరైనా అంటే చెప్పులేసుకుని బయటికి వచ్చేయండి. ముఖానికో, పిరుదులకో ఆకారం కోసం సిలికాన్ ఎక్కించుకోవద్దని అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ జనాన్ని హెచ్చరించింది. ఏళ్ల తర్వాత గడ్డలు కడితే కోసి తీయడం తప్ప దారి ఉండదు.

నా కంటి కింద నలుపు పోతుందా?

అందరికంటే ఎక్కువ నిరాశపడేది ఈ ప్రశ్నతో వచ్చినవాళ్లే. మన చర్మంలో కంటి కింది నలుపు చాలామందికి చర్మం రంగు వల్ల వచ్చేదే. అది తాతల నుంచి వచ్చిందో, ఎలర్జీతో కళ్లు నలపడం వల్ల వచ్చిందో కావచ్చు. ఫిల్లర్ గుంటని నింపగలదు, రంగుని మార్చలేదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. పగటిపూట కిటికీకి ఎదురుగా అద్దం పట్టుకుని కూర్చోండి. తల కాస్త పైకెత్తి వెలుగు ముఖం మీద నేరుగా పడనివ్వండి. నలుపు పలచబడితే అందులో కొంత గుంట వల్ల పడుతున్న నీడ. ఎటు తిప్పినా అంతే ముదురుగా ఉంటే అది రంగే. ఇంకోటి, ఆ చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకి జరపండి. నలుపు చర్మంతోపాటే కదిలితే రంగు అనుకోవచ్చు. పొద్దున్న లేవగానే కళ్ల కింద సంచుల్లా ఉబ్బేవాళ్లకైతే ఫిల్లర్ ఇంకా చేటు, ఆ జెల్ నీటిని పట్టుకుని ఉబ్బుని పెంచుతుంది. అక్కడి చర్మం ఉల్లిపొర అంత పల్చన. జెల్ పైపైన పడితే లేత నీలిరంగు చారలా కనిపిస్తుంది. ఆ నీలం పౌడరుతో కూడా దాగదు.

ఎన్ని సిరంజీలు పడతాయి? ఖర్చెంత?

సిరంజీ అంటే సాధారణంగా 1 మిల్లీలీటరు. టీ స్పూనులో ఐదో వంతు. పెదవులకి అందులో సగం నుంచి పూర్తి సిరంజీ దాకా సరిపోతుంది. మా క్లినిక్‌లో బ్రాండుని బట్టి సిరంజీ 20 వేల నుంచి 35 వేల దాకా ఉండేది. అందం కోసం చేసేది కాబట్టి పైన 18 శాతం జీఎస్టీ. ఇన్సూరెన్స్ ఒక్క రూపాయి ఇవ్వదు.

'హాఫ్ సిరంజీ ఆఫర్' అన్న బోర్డు చూస్తే ఆగండి. మిగతా సగం ఎవరికి వెళ్తుంది? లేదా మీకొచ్చిన సగం ఎవరికి వేయగా మిగిలింది? ఒక సిరంజీ ఒకే మనిషికి, ఒకే సిట్టింగుకి. "మిగిలింది ఫ్రిజ్‌లో మీ పేరు రాసి పెడతాం, వచ్చే నెల వేస్తాం" అన్నా ఒప్పుకోకండి. ఇన్ఫెక్షన్ వచ్చేది అలాంటి చోటే.

ఎవరి దగ్గర చేయించుకోవాలి?

స్కిన్ స్పెషలిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా చర్మవ్యాధుల్లో డీఎన్‌బీ చేసినవాళ్లు. ఎంసీహెచ్ చేసిన ప్లాస్టిక్ సర్జన్లు కూడా చేస్తారు. 'కాస్మెటాలజిస్ట్' అన్న మాట బోర్డు మీద చూసి సరిపెట్టుకోకండి. కొద్ది రోజుల కోర్సు సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకి తగిలించినవాళ్లు కూడా అదే మాట రాసుకుంటారు. డాక్టరు తన మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద వేయాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దేనికది వేరే కౌన్సిల్. పేరు, నంబరు సరిచూసుకోవడానికి ఆన్‌లైన్ రిజిస్టరు ఉంది. అద్దెకి ఇల్లు తీసుకునేటప్పుడు ఓనరు గురించి పది మందిని అడుగుతాం, దీనికి అయిదు నిమిషాలు పెట్టలేమా?

డిగ్రీ ఉంటేనే సరిపోదు. ఫిల్లర్లు ఎన్నాళ్ల నుంచి వేస్తున్నారు, ముఖ్యంగా మీకు కావాల్సిన చోట ఎన్నిసార్లు వేశారు అని అడగండి. కసురుకునే డాక్టరైతే ఆయన జవాబు మీకు వచ్చేసినట్టే.

సిరంజీ మీ కళ్ల ముందే విప్పించండి. పెట్టె సీలు, గడువు తేదీ, ఇంపోర్ట్ లైసెన్సు ఉన్న లేబులు చూడండి. మంచి కంపెనీల పెట్టెలో లాట్ నంబరుతో రెండు మూడు స్టిక్కర్లు ఉంటాయి, ఒకటి క్లినిక్ ఫైలుకి, ఒకటి మీకు. దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో గడ్డ వస్తే అక్కడి డాక్టరు మొదట అడిగేది "లోపల ఉన్నది ఏమిటి?" అనే.

అసలు ప్రమాదం ఏమిటి? దాచకుండా చెప్పండి.

వాపు, కమలడం, నాలుగు రోజులు పెదవి కందిరీగ కుట్టినట్టు ఉండటం, ఇవి దాదాపు అందరికీ ఉంటాయి, పోతాయి. భయపడాల్సింది ఒకటే, జెల్ రక్తనాళంలోకి వెళ్లడం. సూది మొన ధమనిలో ఉండగా పిస్టన్ నొక్కితే జెల్ అడ్డుకట్ట వేస్తుంది. అక్కడి నుంచి ముందుకి రక్తం అందదు. గంటలు గడిస్తే చర్మం చచ్చిపోయి నల్లటి పుండు పడుతుంది.

ఒక మధ్యాహ్నం నేను గదిలోనే ఉన్నాను, ఫొటోలు తీయడానికి. ఇరవై ఏడేళ్ల అమ్మాయికి పై పెదవి చేస్తున్నారు. ఎడమవైపు ఉన్నట్టుండి సున్నం పూసినట్టు తెల్లబడింది, మూతి పైదాకా. "నొప్పిగా ఉందా?" అంటే లేదంది. జెల్‌లోనే మత్తుమందు కలిసి ఉంటుంది, నొప్పి ఎలా తెలుస్తుంది? డాక్టరు గారు సూది తీసేసి వేలితో ఆ చోట నొక్కి వదిలారు. మన గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగొస్తుంది కదా. అక్కడ నాలుగు, అయిదు, ఆరు లెక్కపెట్టినా తెల్లగానే ఉంది. డాక్టరమ్మ గొంతు కూడా పెంచలేదు. "హైలురోనిడేజ్ తీయండి, అన్నీ" అన్నారు. జెల్‌ని కరిగించే మందు అది. ఆ చోటంతా ఎక్కించి, వేడి గుడ్డ పెట్టి, మర్దన చేసి, గంట ఆగి మళ్లీ ఎక్కించారు. సాయంత్రం అయిదింటికి రంగు తిరిగొచ్చింది. ఆ అమ్మాయికి ఇప్పుడు మచ్చ కూడా లేదు. అక్కడ ఆ మందు లేకపోతే ఈ కథ వేరేగా రాయాల్సి వచ్చేది.

మన రంగులో ఇంకో చిక్కుంది. పుస్తకాల్లోని ఫొటోలు ఎక్కువగా తెల్లచర్మానివే. ఛామనఛాయ, నలుపు రంగు చర్మంలో తెల్లబడటం, వల అల్లినట్టు ఊదారంగు తేలడం అంత తేటగా కనిపించవు. అందుకే నొక్కి చూసే పరీక్ష, పెరుగుతూ పోయే నొప్పి మనకి ఎక్కువ నమ్మకమైన గుర్తులు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కన్ను. ముక్కు, కనుబొమల మధ్య, నుదురు, ఈ భాగాల్లోని రక్తనాళాలు కంటి నాళాలతో కలిసి ఉంటాయి. పిస్టన్ గట్టిగా నొక్కితే జెల్ వెనక్కి ప్రయాణించి కంటి ధమనిని మూసేయగలదు. చాలా అరుదు. కానీ చూపు పోతే తిరిగి రావడం కూడా అరుదే. 2015 నాటికి ప్రపంచవ్యాప్తంగా వైద్య పత్రికల్లో వచ్చిన కేసులన్నీ ఏరితే 98 తేలాయి. వాటిలో ఎక్కువ కనుబొమల మధ్య, ఆ తర్వాత ముక్కు. 'పదిహేను నిమిషాల్లో ముక్కు షేపు' అన్న రీల్స్ చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. నేనైతే ముక్కుకి చేయించుకోను.

అయితే డాక్టరుని ఏం అడగాలి?

"హైలురోనిడేజ్ ఎన్ని వయల్స్ (చిన్న మందు సీసాలు) ఉన్నాయి? చూపిస్తారా?" మిగతావన్నీ మర్చిపోయినా ఇది అడగండి. హైలురోనిక్ యాసిడ్‌ని కరిగించే ఎంజైమ్ ఇది. నేను చెప్పిన రబ్బరు ఇదే. మన దగ్గర 1500 యూనిట్ల పొడి వయల్‌గా దొరుకుతుంది, సెలైన్ కలిపి వాడతారు. రక్తనాళం మూసుకుపోతే ఒక వయల్ చాలకపోవచ్చు. "అవసరమైతే మెడికల్ షాపు నుంచి తెప్పిస్తాం" అంటే సరిపోదు. ట్రాఫిక్‌లో స్కూటీ మీద వచ్చేదాకా మీ పెదవి ఆగదు.

రెండోది, "రాత్రి ఏదైనా అయితే ఏ నంబరుకి ఫోన్ చేయాలి? ఎవరు ఎత్తుతారు?" రిసెప్షన్ ల్యాండ్‌లైన్ ఇస్తే డాక్టరు నంబరు అడగండి. సూదా, కాన్యులానా అని కూడా అడగొచ్చు. కాన్యులా మొన మొద్దుగా ఉంటుంది, నాళాన్ని గుచ్చే అవకాశం తక్కువ, అలాగని అసలు లేకపోదు.

ఇంటికొచ్చాక ఏది మామూలు, ఏది కాదు?

రెండు మూడు రోజులు వాపు, అక్కడక్కడ కమిలిన మచ్చ, ముట్టుకుంటే సలుపు, రెండువైపులా కొంచెం తేడా, ఇవి మామూలు. మొదటి రెండు రోజులు జిమ్, ఆవిరి పట్టడం, మద్యం వద్దు. ఫేషియల్, ముఖం మీద బోర్లా పడుకోవడం రెండు వారాల దాకా మానేయండి. పళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్ ఉంటే ముందూ వెనకా రెండేసి వారాలు దూరం పెట్టండి, నోటిలోని బ్యాక్టీరియా రక్తంలో కలిసి జెల్ చుట్టూ చేరొచ్చు.

తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంటే, చర్మం తెల్లగానో ఊదాగానో మచ్చలు మచ్చలుగా మారితే, చిన్న చీము పొక్కులు లేస్తే అర్ధరాత్రి అయినా ఫోన్ చేయండి. 'వాపేలే, పొద్దున చూద్దాం' అని ఐస్ పెట్టుకుని పడుకోకండి. అడ్డుపడినప్పుడు చల్లదనం ఇంకా చెరుపు. చూపు మసకబారినా, రెండుగా కనిపించినా, మాట తడబడినా, ఒకవైపు చెయ్యి బరువెక్కినా క్లినిక్‌కి కాదు, నేరుగా ఎమర్జెన్సీ ఉన్న పెద్ద ఆసుపత్రికి. అక్కడ నిమిషాలే లెక్క.

నెలల తర్వాత కూడా, ఏ జ్వరమో వచ్చి తగ్గాక, ఆ చోట గట్టిగా ఉబ్బి ఎర్రబడటం కొందరికి జరుగుతుంది. ఎప్పుడో వేయించుకున్నది కదా అని దాచకుండా డాక్టరుకి చెప్పండి.

పది రోజుల్లో పెళ్లి. ఇప్పుడు చేయించుకోవచ్చా?

వద్దు. పెళ్లికూతురి తల్లులు "పసుపు కుంకుమల ముందే అయిపోవాలి" అని తొందరపెడతారు. కమిలిన మచ్చ పోవడానికే పది రోజులు పట్టొచ్చు, మన చర్మంలో కమిలిన చోట గోధుమరంగు మచ్చ ఇంకొన్ని వారాలు నిలుస్తుంది. కనీసం నెల ముందు. మొదటిసారైతే రెండు నెలల ముందు, సరిచేయడానికి టైముంటుంది.

ఎవరు చేయించుకోకూడదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు. ఆ చోట మొటిమలు చీముపట్టి ఉన్నవాళ్లు, పెదవి మీద జ్వరపు పొక్కు లేచి ఉన్నవాళ్లు. ఈ పొక్కులు మాటిమాటికీ వచ్చేవాళ్లు ముందే చెప్తే డాక్టరు మాత్రలు ఇస్తారు. జెల్‌లో కలిపే మత్తుమందు లిడోకెయిన్ పడనివాళ్లు, గాయం మానాక కీలాయిడ్ (ఉబ్బెత్తు మచ్చ) లేచే ఒళ్లున్నవాళ్లు, కీళ్లవాతం, లూపస్ లాంటివి ఉన్నవాళ్లు తప్పక చెప్పాలి. గుండెకి రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు కమలకుండా ఉండాలని సొంతంగా ఆపేయకండి. పెదవి కోసం గుండెతో ఆటలొద్దు.

సూది లేని పెన్ అని ఆన్‌లైన్‌లో ఉంది. ఇంట్లోనే చేసుకోవచ్చంట?

గాలి ఒత్తిడితో జెల్‌ని చర్మంలోకి చిమ్మే పెన్ అది. ఎంత లోతుకి వెళ్తుందో చేతిలో ఉండదు. ఎఫ్‌డీఏ 2021లో వీటిని వాడొద్దని స్పష్టంగా చెప్పింది.

మా అమ్మాయి ఇంగ్లండ్‌లో చదువుతోంది. అక్కడ సెలూన్‌లో చవకగా చేస్తారంటోంది.

విదేశమంటే కచ్చితమైన రూల్స్ ఉంటాయని మనం అనుకుంటాం. ఇంగ్లండ్‌లో బొటాక్స్‌కి ప్రిస్క్రిప్షన్ కావాలి, ఫిల్లర్‌కి అక్కర్లేదు. ఈ పద్ధతి మీద 2013లో ప్రభుత్వం వేయించిన సమీక్షే, ఫిల్లర్ వేయించుకునేవాళ్లకి ఉన్న రక్షణ బాల్‌పాయింట్ పెన్ను కొనుక్కునేవాళ్లకి ఉన్నదానికంటే ఎక్కువేం కాదన్నట్టు రాసింది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకి వేయడం నేరమని 2021 అక్టోబరు నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. పెద్దవాళ్ల విషయంలో మాత్రం ఎవరి జాగ్రత్త వాళ్లదే. అక్కడైనా రిజిస్టర్డ్ డాక్టరు దగ్గరికే వెళ్లమనండి, ఆ ఎంజైమ్ గురించే అడగమనండి.

ఎన్నాళ్లుంటుంది? నచ్చకపోతే?

పెదవుల్లో ఆరు నెలల నుంచి ఏడాది, బుగ్గల్లో ఏడాది, ఏడాదిన్నర అని చెప్తారు. స్కానింగుల్లో అంతకంటే ఎక్కువ కాలం జెల్ మిగిలి ఉండటం కనిపించింది. అందుకే ఆరు నెలలకోసారి 'టచప్' అని పోస్తూ పోతే ముఖం పూరీలా ఉబ్బుతుంది. నచ్చకపోతే అదే ఎంజైమ్‌తో కరిగించొచ్చు, చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తెలుస్తుంది. దానికీ ఎలర్జీ రావొచ్చు, తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు లేచేవాళ్లు ముందే చెప్పాలి.

ఇంట్లో చెప్పకుండా చేయించుకోవచ్చా?

మీ ముఖం, మీ డబ్బు, మీ ఇష్టం. అత్తగారికి చెప్పనక్కర్లేదు, ఆఫీసులో "అలర్జీ వచ్చింది" అంటే సరిపోతుంది. కానీ ఒక్కరికి చెప్పండి, అక్కకో, రూమ్మేట్‌కో, ఆయనకో. ఆ రాత్రి మీ ముఖం టార్చి లైటు వేసి చూడటానికి, పెదవి నొక్కి సెకన్లు లెక్కపెట్టడానికి, అవసరమైతే బండి తీయడానికి ఒక మనిషి ఉండాలి. డాక్టరు నంబరు ఆ మనిషి ఫోనులో కూడా సేవ్ చేసిపెట్టండి.